గోడవతల కొమ్మ

నేను ఒక మోకును. బొటనవేలంత లావు, నలభై మూరల పొడవు. చెట్టెక్కే మనిషి నడుముకూ మానుకూ మధ్య ఆధారంగా ఉన్నాను. నరికిన కొమ్మ కింద ఇంటిమీద పడకుండా మెల్లగా నేలకు దించాను. ఇప్పుడు నేను నాలుగు ముక్కలు. ఎందుకయ్యానో చెబుతాను, వినండి.

నేను పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. తెల్లటి నైలాను పోగులను మూడు పాయలుగా పురిపెట్టి నన్ను చేశారు. మొదట నన్ను కొన్నది విశాఖ రేవులో ఒక మరబోటు యజమాని. మూడేళ్లు బోటును గట్టుకు కట్టి ఉంచాను. ఆ మూడేళ్లలో ఆయన నా వంక చూసింది రెండుసార్లు: కొన్నరోజు ఒకసారి, పాతబడ్డానని తేల్చినరోజు ఒకసారి. మధ్యలో ఎన్ని అలలు కొట్టినా బోటు కొట్టుకుపోలేదు కనుక నేను ఉన్నానన్న సంగతే ఆయనకు గుర్తులేదు. మనుషులంతే. తెగుతుందేమోనన్న భయం పుడితే తప్ప తాడును చూడరు.

పాతసామాన్ల కొట్టులో నన్ను ఏరుకున్నవాడు అసిరయ్య. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, నగరంలో చెట్లు కొట్టుకుని బతికేవాడు. అతనిది వేరే పద్ధతి. రోజూ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, కూతురి తలలో పేలు చూసే తల్లిలా నన్ను జానెడు జానెడుగా వేళ్ల మధ్య పోనిచ్చేవాడు. ఎక్కడన్నా పోగు లేచిందా, పురి వదులైందా అని వెతికేవాడు. అతని భార్య సన్నెమ్మ నవ్వేది. "నన్నెప్పుడన్నా అంత సేపు సూసేవా?" అనేది. "నువ్వు తెగిపోతే నాను కిందడిపోను గదే" అనేవాడు అసిరయ్య.

అతనితో ఆరేళ్లు తిరిగాను. ఎండిన కొబ్బరిచెట్లు, కరెంటు తీగల్లోకి పెరిగిన బాదంచెట్లు, పునాదిని ఎత్తేస్తున్న రావిమొక్కలు. ఎన్ని దించినా ఒక్క మనిషికి గీత పడలేదు. ఆ పేరుతోనే అతనికి పని దొరికేది.

ఆ సంవత్సరం దసరా వెళ్లిన వారానికి తుపాను వచ్చింది. పొద్దున మొదలైన గాలి మధ్యాహ్నానికి ఊరి చెట్లను సగానికి సగం పడుకోబెట్టింది. పడిన చెట్లను తీసేయడానికి అందరూ పరుగెత్తారు. పడకుండా మిగిలిన చెట్లలో ఏది లోపల విరిగి ఉందో ఎవరూ చూడలేదు.

చింతలమెట్ట కాలనీలో జగ్గారావు గారింట్లో ఒక ముసలి నేరేడు ఉండేది. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కాలనీ సంఘానికి కార్యదర్శి. ఆ చెట్టు ఆయన ఇల్లు కట్టకముందు నుంచే ఉంది. మాను మనిషి ఎత్తులో రెండుగా చీలి, ఒక పెద్ద కొమ్మ మేడమీదికీ, రెండోది ప్రహరీగోడ దాటి వెనక సందులోకీ వెళ్లాయి. కాయల కాలంలో సందులో పిల్లలు రాలినవి ఏరుకుంటే ఆయన మేడమీద నుంచి "మా చెట్టురా అది!" అని కేకలేసేవారట. ఆ సంగతి సందులో ఇస్త్రీబండి పెట్టుకున్న గైరమ్మే మాకు చెప్పింది. గోడ దాటిన కొమ్మ నీడలోనే ఆమె బండి. పదిహేనేళ్లుగా కాలనీ బట్టలన్నీ ఆమె బొగ్గుల పెట్టె కిందే సాపయ్యేవి.

తుపాను తర్వాత నెలకు జగ్గారావు గారు అసిరయ్యకు కబురు పెట్టారు. అసిరయ్య నన్ను నడుముకు చుట్టుకుని ఎక్కాడు. చీలిక దగ్గర ఆగి, తొర్రలో చెయ్యి పెట్టి, గుప్పెడు పొట్టు బయటికి తీశాడు. గాలికి మెలితిరిగి చెట్టు లోపల చేతివేళ్లు దూరేంత పగులు ఇచ్చింది. కిందికి దిగి ఆ పొట్టు ఆయనకు చూపించాడు.

"బాబుగోరూ, లోపల పుచ్చిపోనాదండి. రెండు కొమ్మలూ ఒకదాన్నొకటి అట్టుకుని నిలబడ్డాయి. ఇటేపు కొట్టీసి అటేపు ఒగ్గేస్తే, అది సందులోకి పడిపోద్ది. కొడితే రెండూ కొట్టాలి, లేపోతే అసలు ముట్టుకోకూడదు."

"అటు పక్కది సందులో ఉంది. గోడ దాటినదానితో మనకేం పని? దానికి మళ్లీ పర్మిషన్లూ, అర్జీలూ. నువ్వు గోడ వరకు కొట్టు చాలు."

"కింద గైరప్ప బండుందండి." గైరమ్మను అక్క వరసతో అతను అప్పా అనేవాడు.

"బండిని ఎక్కడ పెట్టుకోవాలో అది ఆవిడ చూసుకోవాలి." ఆయన చెప్పులు వేసుకుంటూ మామూలుగా అన్నారు. "ఈ కాలనీలో ముప్ఫై ఇళ్లలో చెట్లున్నాయి అసిరయ్యా. సంఘం తరఫున అన్నీ ఒకడికే అప్పజెబుదామని ఉంది. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు కావాలి."

అసిరయ్య గేటుదాకా వెళ్లాడు. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. అతని అరచేతి చెమట నాకు అంటింది. తర్వాత వెనక్కి వచ్చి చెట్టెక్కాడు.

కొమ్మలను ఒక్కొక్కటే నాకు కట్టి దించాడు. ఒక్క పెంకు పగల్లేదు, ఒక్క పూలకుండీ ఒరగలేదు. సాయంత్రానికి మేడమీద ఆకాశం కనిపించింది. జగ్గారావు గారి భార్య బట్టలకు బాగా ఎండ వస్తుందని సంతోషించింది. ఆఖరి కొమ్మ దిగినప్పుడు మాను ఒక్కసారి సందువైపు మూలిగింది. ఆ కదలిక నా పురిలోకి వచ్చింది. అసిరయ్యకూ తెలిసింది. ముడి విప్పుకుని దిగిపోయాడు.

వెళ్లేముందు సందులోకి పోయి గైరమ్మ ముందు నిలబడ్డాడు.

"అప్పా, నీ బండి ఇక్కడ్నుంచి తీసీ. ఈ కొమ్మ ఆగదు."

"తీసి ఎక్కడెట్టీమంటావు? ఎదురింటోలు గేటు కాడ ఒద్దంటారు. మలుపు కాడ నీడ నేదు. బొగ్గుల ముందు ఎండలో నిలబడగలనా?" ఆమె పెట్టె ఎత్తి ఒక చొక్కా కాలరు మీద నొక్కింది. "పెద్ద తుపానుకే పడనేదు తమ్ముడూ. ఇంక పడద్దేటి?"

అతను ఇంకో మాట చెప్పి ఉండాల్సింది. గట్టిగా చెప్పి ఉండాల్సింది. బండిని తనే తోసుకుపోయి ఉండాల్సింది. ఇవన్నీ అతను తర్వాత అనుకున్నాడు. ఆరోజు మాత్రం తలూపి వచ్చేశాడు.

చలికాలమంతా కాలనీలో పనిచేశాం. ప్రతి వారం సందులోంచి వెళుతూ అసిరయ్య తల ఎత్తి ఆ కొమ్మను చూసేవాడు. చిగురు పెట్టింది. పూత పూసింది. చెట్టు లోపల చస్తూ కూడా బయటికి పచ్చగా ఉండగలదు. అది చూసి అతనికి ధైర్యం వచ్చిందేమో, వైశాఖం నాటికి తల ఎత్తడం మానేశాడు.

ఒకరోజు నాలుగు గంటలప్పుడు గాలిదుమారం లేచింది. తుపాను కాదు, పదినిమిషాల గాలి. కాయల బరువుతో ఉన్న కొమ్మ మొదలంటా ఊడి సందులో పడింది. గైరమ్మ బండి నుగ్గయింది. ఆమె ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర చితికింది. నిప్పులు చెదిరి మోచెయ్యిదాకా కాలింది. డాక్టర్లు చెయ్యి నిలబెట్టారు. వేళ్లు మాత్రం ఇక ముడుచుకోవని చెప్పారు.

రెండు వారాల తర్వాత కాలనీ సంఘం సమావేశం పెట్టి అసిరయ్యను పిలిచింది. పని మధ్యలోంచి వచ్చాడు. నేను అతని భుజం మీదే ఉన్నాను. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అతను గోడవారన నిలబడ్డాడు.

జగ్గారావు గారు బాధగా మాట్లాడారు. "ఒకపక్కే కొట్టి చెట్టు తూకం చెడగొట్టాడు. పని తెలిసినవాడనుకుని నమ్మాను. అదే నా పొరపాటు."

"తమరే గోడదాకా అన్నారండి" అన్నాడు అసిరయ్య.

"అలా అన్నానని కాగితం ఏమన్నా ఉందా?" అని ఆయన అధ్యక్షుడి వైపు తిరిగారు. అధ్యక్షుడు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

అప్పుడు గుమ్మంలోకి గైరమ్మ వచ్చింది. చెయ్యి మెడకు వేలాడుతోంది. ఆమెను ఎవరూ పిలవలేదు. అసిరయ్యను నిలబెట్టారని విని ఆసుపత్రి కట్టుతోనే వచ్చింది.

"ఆడి తప్పేటీ నేదు బాబూ! బండి తీసీమని ఆ రోజే సెప్పేడు. కొమ్మ ఆగదని సెప్పేడు. నానే ఇన్నేదు."

జగ్గారావు గారు నెమ్మదిగా అన్నారు: "విన్నారుగా. పడుతుందని వీడికి ముందే తెలుసు. తెలిసీ కొట్టాడు."

"అది కాదు బాబూ, నా మాటకి అర్థం..." అని గైరమ్మ అంటూనే ఉంది. కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో ఫ్యాను పెంచారు, ఆమె గొంతు అందులో కలిసిపోయింది. అధ్యక్షుడు అసిరయ్యను అడిగారు: "ఏమయ్యా, నీకు తెలుసా తెలియదా?"

అతను కావాలంటే అబద్ధమాడొచ్చు.

"తెలుసండి" అన్నాడు.

ఇక కాలనీలో అడుగుపెట్టవద్దన్నారు. బయట మెట్లమీద గైరమ్మ ఏడ్చింది. "నా మాటే నీకు ఎదురు తిరిగింది తమ్ముడూ."

"నువ్వు నిజమే సెప్పేవప్పా. నానూ నిజమే సెప్పేను" అన్నాడు.

మర్నాడు క్రేను తెప్పించి నేరేడును మొదలంటా తీయించారు. మాను లోపల కుండలా డొల్లగా ఉందట. "చూశారా, ఎప్పుడో పడాల్సిన చెట్టు" అని జగ్గారావు గారే అందరికీ చూపించారట.

అసిరయ్య తర్వాత చాలా రోజులు నన్ను ముట్టుకోలేదు. మేస్త్రీల దగ్గర ఇసుక మోశాడు. శ్రావణంలో ఒక ఇంటాయన వెతుక్కుంటూ వచ్చాడు. తన పెరట్లో వేప ఒరిగిందట, అతని పనితనం గురించి విన్నాడట. అసిరయ్య నన్ను తీసుకుని వెళ్లాడు. మాను చుట్టూ తిరిగి చూశాడు, వేరుమీద కాలితో తట్టాడు. మొత్తం తీయాలన్నాడు.

"మొత్తం ఎందుకు? మా గోడ వరకు కొట్టు" అన్నాడు ఆయన.

అసిరయ్య రేపు చెబుతానని వచ్చేశాడు. దారంతా పళ్లు బిగబట్టి నడిచాడు. ఇంటికి రాగానే నన్ను గుమ్మంమీద వేసి కత్తి తీశాడు. నా పాయలు గట్టివి, తొందరగా తెగలేదు. సన్నెమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"నీకేటైనా పిచ్చెక్కిందా? బతుకుతెరువు కోసుకుంటావా?"

"ఇదుంటే రేపు ఒప్పీసుకుంటాను" అన్నాడు. "ఒప్పుకోనని నానే నమ్మలేను సన్నీ."

నాలుగు ముక్కలు చేశాడు. ఒక ముక్క మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు. ఒకటి మేకకు కట్టారు. మిగిలిన రెండూ చూరులో ఉన్నాయి.

వారం తర్వాత అసిరయ్య అన్నం తింటుంటే సన్నెమ్మ చెప్పింది, ఆ వేపచెట్టును ఎవరినో పెట్టి గోడవరకు కొట్టించేశారని.

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "అవతల ఎవులున్నారు?" అని అడిగాడు.

"నాకేటి తెలుసు. ఎవులో ఒకలు ఉంటారు గదా."

అసిరయ్య కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు.