ముందు తిన్నవాళ్ళు

పోయిన నవంబరు పదహారు, ఆదివారం. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసుక్కుని తిన్నాడు యోగానంద. భార్య పోయాక ఆదివారాల్లో పొయ్యి వెలిగించడం మానేశాడు. తిరుపతి బస్టాండు పక్కన యాత్రికుల సంచులకు చీటీలు కట్టి దాచే ఉద్యోగం అతనిది. వారానికోసారి క్రైస్తవ సంఘంలో వాక్యం చెబుతాడు.

ఆ రోజు బైబిల్లోని కొరింథు పట్నం గురించి చెప్పాడు.

"అదీ మన ఊరి లాంటిదే. వచ్చే పోయే జనం, సత్రాలు, మూటలు మోసేవాళ్ళు. సంఘం కలిగినవాళ్ళ ఇంట్లో కూడేది. లోపలి గదిలో కొందరికే చోటు. వాళ్ళు ముందే తినేసేవాళ్ళు. రేవులో పని దిగి కూలీలు వచ్చేసరికి ముంగిట్లో ఖాళీ గిన్నెలు. అయోగ్యంగా ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, తీసుకోవడం అని అపొస్తలుడు పౌలు తిట్టింది ఆ తిండిని. ఒంటి మురికిని కాదు."

వెనక వరసలో మునెయ్య తలెత్తాడు. అతను మురుగు కాలవలు తీస్తాడు. ఆ చేతులతో రొట్టె ముట్టరాదనుకుని, బాప్తిస్మం పొందిన నాటి నుంచీ తల వంచుకుని పళ్ళెం పక్కవాడికి అందించేవాడు. ఎంత అణకువో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

బయట మునెయ్య యోగానంద చేయి పట్టుకున్నాడు. "అట్లయితే నేను ముట్టుకోవచ్చా అన్నా?"

"నీకే మొదట పెట్టల్లప్పా."

"సాయంత్రం డూటీ దిగి వస్తా. నా కోసరం ఒక తుంట ఉంచు."

సాయంత్రం సంఘపెద్ద జీవరత్నం కొత్త ఇంట్లో ప్రార్థన, బల్ల, విందు.

"బిర్యానీ చల్లారిపోతాది, కానిచ్చేద్దాం" అన్నాడు జీవరత్నం.

"మునెయ్య రావల్ల."

"వస్తాడ్లేబ్బా. ఆయప్ప యాడికి పోతాడు?"

యోగానంద చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. రొట్టె పంచారు. తర్వాత విస్తళ్ళు పడ్డాయి. ఒంటరివాడని జీవరత్నం భార్య ఆనందమ్మ అతనికి ఏరి మెత్తటి ముక్కలు వేసింది. ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు.

"పొద్దున బలే చెప్పినావన్నా" జీవరత్నం మూలుగ పీలుస్తూ అన్నాడు. "ఆ కొరింథోళ్ళు ఎంత కసాయోళ్ళు!"

అప్పుడే మునెయ్య వచ్చాడు. తడి తల, ఉతికిన తెల్ల చొక్కా. అతని దగ్గర సబ్బు వాసన తప్ప మరేదీ లేదు.

"అయ్యో, రొట్టె అయిపోయింది కదప్పా!" అంది ఆనందమ్మ. "అడుగున రవ్వంత బిర్యానీ ఉండాది. గేటు కాడనే ఉండు, కవర్లో కట్టిస్తా. ఇప్పుడే బండలు తుడిపించినాం."

మునెయ్య యోగానంద చేతి వైపు చూశాడు. వేళ్ళకు నెయ్యి, మెతుకులు.

"ముక్క ఉడికిందా అన్నా?"

యోగానంద నోట్లో కొవ్వు ముద్ద తిరిగింది. కొత్త బండల మీద ఉమ్మలేక మింగాడు. తల పైకెత్తేసరికి మునెయ్య లేడు.

ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక ఆనందమ్మ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. మునెయ్య కోసం గేటు కొక్కేనికి తగిలించిన కవరు అక్కడే వేలాడుతోంది. లోపల పట్టిన ఆవిరి చుక్కలై, మెతుకుల మీదికి జారుతోంది.