వీపు వెనక బెల్టు

మిర్యాలగూడ లెక్కల సారు ధర్మేందర్ 2013లో కారు కొన్నాడు. అందులో ఆయనకు నచ్చనిది సీటు బెల్టు ఒక్కటే. పెట్టుకుంటే ఇస్త్రీ చొక్కా నలుగుతుంది. పెట్టుకోకపోతే కారు టింగుటింగుమని మొత్తుకుంటుంది. మూడు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. బెల్టును ముందే ఖాళీ సీటు మీదుగా లాగి బిగించేయాలి, తర్వాత దానికి వీపు ఆనించి దర్జాగా కూర్చోవాలి.

ఇంత తెలివి ఒక్కడే దాచుకోవడం పాపమనిపించింది. కోదాడలో చెల్లెలు ఉషారాణి ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె భర్త ఉపేందర్‌కూ నేర్పాడు.

“ఏమన్న అయితదేమో బావా?” అన్నాడు ఉపేందర్.

“ఏం గాదు. మీ ఆఫీసుల రిజిస్టర్ మీద సంతకం పెట్టి చాయ్‌కి పోతలేరా? ఆఫీసు నడుస్తలేదా? గిది గూడ గంతే.”

ఆర్నెల్లకు హుజూర్‌నగర్ దారిలో ఆగి ఉన్న వడ్ల ట్రాక్టర్‌ను ఉపేందర్ కారు గుద్దింది. స్టీరింగు తగిలి దవడ విరిగింది. డాక్టర్లు పైపళ్లనూ కిందిపళ్లనూ కలిపి తీగతో కట్టేశారు. ఆరు వారాలు జావే, అదీ స్ట్రాతో.

ధర్మేందర్ సెలవు పెట్టి దవాఖానలోనే ఉన్నాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఉషారాణి ఒకటే చెప్పేది.

“బెల్టు పెట్టుకునే ఉన్నడు. గుద్దినంక కారుల నా కండ్లతోని సూసిన, బిగించింది బిగించినట్టే ఉంది. ఆ కారే మంచిది గాదు.”

చుట్టాలు కారు కంపెనీని తిట్టి, నమలలేని మనిషి చేతిలో ఆపిల్ పండ్లు పెట్టి పోయేవాళ్లు. ఆ పండ్లు తింటూ ధర్మేందర్ తల ఊపేవాడు.

నాలుగో రోజు ఉషారాణి తెల్లకాగితం తెచ్చింది. “అన్నా, నీ రాత ముత్యాల లెక్క ఉంటది. కంపెనీ మీద కేసేద్దాం, జర కంప్లైంట్ రాయి.”

‘నా భర్త బెల్టు ధరించి యుండగా’ వరకు రాసి ధర్మేందర్ తలెత్తాడు. మంచం మీంచి ఉపేందర్ చూస్తున్నాడు. కోపంగా చూసినా బాగుండేది. బావకు ఇబ్బందవుతుందేమోనని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఇక పెన్ను కదల్లేదు.

“ఉషా, ఉపేందర్ బెల్టు పెట్టుకోలేదమ్మా. ఎనక బిగించి, దానికి ఆనుకొని కూసున్నడు. గట్ల జెయ్యమని నేర్పింది నేనే.”

ఉషారాణి కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి, జావ గ్లాసు కింద పెట్టింది.

“ఆయనకైతే నోరు కట్టేసిన్రు. నాలుగు రోజుల సంది నీకేమైందన్నా?”