వరదయ్య బండి చెక్క

మా భరణికి నా మాటంటే లెక్కలేదు. ఇదేమీ కొత్త సంగతి కాదు, పుట్టినప్పటి నుంచీ అంతే, అచ్చం వాళ్ళ నాయన పోలిక. కానీ ఈసారి నేను మొండికేసి కూర్చున్నాను. దాని పికప్పు బండి తొట్టిలో తాళ్ళు కట్టడానికి పట్టీలు వేయాలి. అవి వాళ్ళ నాయన తోపుడు బండి చెక్కతోనే వేయాలి. నాకు వేరే మాట చెప్పొద్దని తెగేసి చెప్పాను.

పట్టీల గొడవ ఎందుకొచ్చిందంటే, భరణి రెండు నెలల క్రితం పాత పికప్పు ఒకటి కొంది. మద్రాసులో మేముండే చూలైలోనే గాజు తలుపుల షోకేసులు చేసే రంగసామి దగ్గర సరుకెత్తుకుని, షోళింగనల్లూరులో అపార్టుమెంట్లవాళ్ళకు దించి వస్తుంది. తొట్టికి బయట వైపు నాలుగంటే నాలుగు కొక్కేలున్నాయి. పోయినవారం ఒక స్పీడ్‌బ్రేకర్ మీద బండి ఎగిరి, కొక్కెంలోంచి తాడు జారి, షోకేసు వెళ్ళి క్యాబిన్‌కు గుద్దుకుంది. గాజు పగల్లేదు, దేవుడి దయ. అదే వెనక్కి పడుంటే బండి వెనకాల స్కూటర్ మీద వస్తున్న మనిషి గతేమిటి? రంగసామి అరవలేదు, తిట్టలేదు. శనివారం లోపల తొట్టికి రెండు వైపులా గట్టి పట్టీలు వేయించుకో, లేకుంటే నా సరుకు ముట్టుకోవద్దు అన్నాడట.

అప్పటినుంచి దాని చేతిలో ఫోన్ దిగలేదు. అన్నం తింటూ కూడా చూపించేది.

"ఇది చూడుమా, అల్యూమినియం. తేలిక, తుప్పు పట్టదు. కొక్కెం ఎక్కడ కావాలంటే ఆడికి జరుపుకోవచ్చు."

"వేలితో నొక్కితే వంగేటట్టు ఉండాది. ఇంట్లో గిన్నెలు చాలవా, బండికి కూడా అల్యూమినియమా?"

"సరి, జీఐ పైపు?"

"నున్నగా ఉంటాది. తాడు ఆ కొన నుంచి ఈ కొనకు జారతాది."

"అయితే ఇనుప ఛానెల్. వెల్డింగ్ పాల్‌రాజ్ మామ అదే మంచిదంటా ఉన్నాడు."

"సముద్రపు గాలికి మూడేళ్ళలో తుప్పు పట్టి పొట్టు పొట్టుగా రాలతాది. పైగా ఇనుము తాడును కోసేస్తాది. మీ నాయన చెప్పలేదా?"

"నాయన కాలంలో కొబ్బరితాడుమా. ఇప్పుడు బెల్టు. నువ్వు సుమ్మా ఉండు."

సుమ్మా ఉండాలట, నోరు మూసుకుని! ముప్పై ఏళ్ళు బరువు బండి మీద బతికిన ఇల్లు మాది. సరుకు కట్టే సంగతి నాకు తెలీదా?

మా ఇంటి పక్క సందులో టార్పాలిన్ కప్పుకుని ఆయన బండి ఉంది. ఆయన పోయి రెండేళ్ళయినా దాన్ని అమ్మనివ్వలేదు. రెండు పెద్ద చక్రాలు, మధ్యలో పలకలు, ఇటొకటి అటొకటి పొడుగాటి మద్దిచెక్క అంచులు. పొద్దున ఏడింటికి దాన్ని తోసుకుంటూ జార్జి టౌన్ పోతే, కాగితం కట్టలు, ఇత్తడి సామాన్లు, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. పెళ్ళయిన కొత్తలో నేను మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని ఆ ఇరుకు సందుల్లోకి వెళ్ళేదాన్ని. ఆయన కుడికాలు అంచు చెక్కకు తన్నిపెట్టి, నడుం వెనక్కి వాల్చి తాడు లాగేవాడు. చెక్క మీద తాడు కిర్రుమనేది. నేను పక్కన నిలబడి చూస్తున్నానని తెలిస్తే ఇంకో రెండు చుట్లు ఎక్కువే వేసేవాడు, గొప్ప కోసం. ఆ కిర్రు శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆయుధపూజ వచ్చిందంటే ఆ బండి నాది. ఆయన్ని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. తెల్లారుజామునే పసుపునీళ్ళతో చక్రం నుంచి పిడి దాకా కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త రంగు వేసేదాన్ని. రాహుకాలం రాకముందే పూజ అయిపోవాలి కదా, చకచకా చేయి ఆడించేదాన్ని. పాత రంగు గీకింది లేదు, దాని మీదే కొత్తది పూయడం. భరణి పుట్టిన ఏడు చిలకపచ్చ. మా అత్త పోయిన ఏడు పండగ లేదు, అయినా మనసొప్పక మర్నాటికి నీలం కొట్టాను. ఊరంతా వరద నీళ్ళొచ్చిన ఏడు పసుపుపచ్చ. ఎక్కడైనా పెచ్చు లేస్తే లోపల ఆ ఏళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి కనిపించేవి. ఆయన పోయాక కూడా రెండు పండగలకీ ఒక్కదాన్నే కడిగి రంగు వేశాను.

అందుకే ఆ చెక్క కావాలన్నాను. రోజూ ఆ మహాబలిపురం రోడ్డు మీద లారీల మధ్య పిల్ల ఒక్కతే పోతుంటే నాకు ప్రాణం కుదురుగా ఉండదు. వాళ్ళ నాయన చేయి పడ్డ చెక్క దానికి అటూ ఇటూ ఉంటే, ఆయన తోడుగా కూర్చున్నట్టే కదా. ఈ మాట భరణికి చెప్పాను కూడా. అది ఫోన్ పక్కన పెట్టింది.

"సరిమా, నాయన చెక్కే వేద్దాం. నువ్వు మాత్రం ఏడవొద్దు," అంది.

శుక్రవారం పొద్దున పాల్‌రాజ్ వర్క్‌షాపుకు వెళ్ళాం. పాల్‌రాజ్ మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, మా వీధి చివరే వెల్డింగ్ పని చేస్తాడు. అంచు చెక్కలు రెండూ ఊడదీయించి పికప్పులో వేసుకుని తీసుకెళ్ళాం. వాటిని చూడగానే పాల్‌రాజ్ మొహం మారిపోయింది.

"వద్దక్కా. ఛానెల్ ముక్కలు కోసి పెట్టేసినాను. గంటలో బిగించేస్తాను."

"నీ ఛానెల్ నువ్వే పెట్టుకో. ఇది మద్దిచెక్క. చేవ తేలిన చెక్క."

"పాతదక్కా. కదిలించొద్దు. వరదయ్యన్న గురుతుగా ఇంట్లో పెట్టుకో."

"గురుతు మూల పెట్టుకుని నేనేం చేసుకోను? నీకు చెక్కపని చేతకాకపోతే చెప్పు, వేరేవాళ్ళ దగ్గరికి పోతాను."

నోరు జారాను. పాల్‌రాజ్ డ్రిల్లు తీసుకుని బోల్టుకు బెజ్జం వేయడానికి కుడివైపు చెక్క మీద ఆనించాడు. నేను చెవులు మూసుకున్నాను, గట్టి చెక్క గోల పెడుతుందని.

చప్పుడే లేదు. పెరుగన్నంలో వేలు పెట్టినట్టు డ్రిల్లు లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే పొట్టు రాలేదు, నల్లటి తడి ముద్ద వచ్చింది. పాల్‌రాజ్ ఇంకోచోట వేశాడు, మూడోచోట వేశాడు. అంతటా అదే. పైన ఇన్నేళ్ళ రంగు పెంకులా గట్టిగా నిలబడి ఉంది, లోపల చెక్క అనేదే లేదు.

"చెదలా మామా?" అని అడిగింది భరణి.

పాల్‌రాజ్ నా వైపు చూడకుండా దానికే చెప్పాడు. "చెదలు కాదు తల్లీ. తడి మీద రంగు కొడితే నీళ్ళు లోపలే నిలబడిపోతాయి. ఏడాదికొకమారు కడగడం, ఆరకముందే రంగు పూయడం. చెక్కకు ఊపిరాడలేదు."

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఆ బండిని నేనే కదా కడిగింది! పూజకు ఆలస్యమవుతుందని తడి తడిగానే రంగు పూసింది నేనే కదా! ఇన్నేళ్ళు అపురూపంగా చూసుకున్నాననుకున్న బండిని నా చేతులతో నేనే కుళ్ళబెట్టాను.

"మరి ఇది విరగలేదెందుకు మామా? నాయన చివరిదాకా లోడు ఎత్తినాడే," అంది భరణి.

పాల్‌రాజ్ చెక్కను తిరగేశాడు. ఉలి తీసుకుని కింది వైపు రంగు గీకాడు. పైపై రంగులన్నీ పోయాయి, చివర పసుపుపచ్చ కూడా పోయింది, దాని కింద తళుక్కున ఇనుము కనిపించింది. ఈ కొన నుంచి ఆ కొన దాకా రెండంగుళాల వెడల్పు పట్టా, చెక్క లోపలికి దిగేలా కూర్చి, స్క్రూలతో బిగించి ఉంది. రెండో చెక్కకూ అంతే.

"ఎవరు వేసినారు ఇది?" అన్నాను.

"నేనే అక్కా. వరదలొచ్చిన ఏడు, పండగకు ముందు. అన్న సందులో ఎవరూ లేనప్పుడు బండి తోసుకుని వచ్చినాడు. చెక్క మెత్తబడిందిరా, కింద ఇనుము వెయ్యి అన్నాడు. కొత్త చెక్క వేద్దాం అన్నా, ఈ రంగు పూసేదాంతోనే అన్నా కుళ్ళేది అని చెప్పినాను."

"దానికేమన్నాడు?"

పాల్‌రాజ్ ఉలిని బల్ల మీద పెట్టాడు. "అది మాత్రం ఇంట్లో పంకజం చెవిన పడకూడదు అన్నాడు. ఏడాదంతా నా బండికి మొక్కుకునేది, ఆశగా కడిగేది అదొక్కతే. తన వల్ల కుళ్ళిందని తెలిస్తే ఇంక బ్రష్షు పట్టుకోదు, పండగ పూట మూల కూర్చుంటాది అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడక్కా. అందుకే నీకు వద్దు వద్దని చెప్పినాను."

ఆ ఇనుము మీద రంగు వేసింది కూడా నేనే. కింది వైపు చేయి పెట్టి, చూడకుండా బ్రష్షు తిప్పి ఉంటాను. ప్రతి పండగకీ ఆయన గడపలో నిలబడి, బాగుంది పంకజం, కొత్త బండి మాదిరి ఉండాది అనేవాడు. నా రసంలో ఉప్పు నుంచి నా పుట్టింటివాళ్ళ దాకా దేన్నీ మెచ్చుకోని మనిషి, ఆ ఒక్క మాట మాత్రం తప్పకుండా అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

భరణి వచ్చి నా భుజం మీద చేయి వేసింది. "ఈ పట్టాలు గట్టిగానే ఉండాయి కదమ్మా. వీటినే తీసి వేయించుకుందామా?"

"వద్దు. అవి ఆయన బరువు మోసినాయి, చాలు. నీకు కొత్తది వేయించుకో. పాల్‌రాజూ, ఛానెలే బిగించయ్యా, ఇందాక నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోవద్దు."

"అయ్యో, ఏందక్కా అది," అని ఆయన టేపు తీసుకుని తొట్టిలోకి ఎక్కాడు. భరణి రెండో కొన పట్టుకుంది. ఇద్దరూ కొలతలు చెప్పుకుంటున్నారు.

నేను ఆ చెక్కను ఒళ్ళోకి లాక్కున్నాను. నా చీరంతా నల్లటి తడి ముద్ద అంటుకుంది.

"మొండి మనిషీ," అన్నాను పోయిన మా ఆయనతో, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే. "ఒక్కమాట నాతో చెప్పి ఉంటే, ఆరేదాకా ఆగి ఉండనా?"