బొట్టు పెట్టిన చోటు

బీరయ్య పికప్పు బండికి ఒక పాడు గుణం ఉండేది. పొద్దున అశోక్‌నగర్ బస్తీలో స్టార్ట్ చేస్తే చాలు, టక్కు టక్కుమని మిస్సింగ్ కొట్టి, దగ్గి, ఊగి, పదిమందిలో పరువు తీసేది. చిక్కడపల్లి మార్కెట్ దాటి, నారాయణగూడలో బాలకిషన్ షెడ్డు ముందు ఆగేసరికి మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా తిరిగేది.

"ఏదీ, చూపెట్టు తమ్మీ రోగం" అనేవాడు బాలకిషన్.

బీరయ్య ఏం చూపెడతాడు? దవాఖాన మెట్లెక్కగానే జ్వరం దిగిపోయిన పిల్లాణ్ణి చంకనేసుకున్న తండ్రిలా తెల్లముఖం వేసేవాడు.

అట్లాగని బాలకిషన్ తక్కువవాడు కాదు. ముప్పై ఏళ్లుగా పెట్రోలు ఇంజన్లతోనే బతుకుతున్నవాడు. రెండు నెలల్లో మూడుసార్లు ఆ బండిని విప్పాడు. ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు మార్చాడు, కండెన్సర్ మార్చాడు, కార్బొరేటర్ ఊడదీసి పెట్రోలుతో కడిగాడు. ఇంజను పక్కన నల్లటి గుండ్రటి మూత ఒకటి ఉంటుంది. దాని నెత్తి మీంచి అయిదు వైర్లు బయల్దేరుతాయి. ప్లగ్గులకు కరెంటు పంచేది అదే. ఆ మూత కూడా తీసి లోపలంతా తుడిచాడు. పైన పసుపు కుంకుమలు ఉన్నాయి కనుక, అవి చెదరకుండా అంచులు పట్టుకుని తీసి, అంతే భక్తిగా మళ్లీ బిగించాడు. ఇంత చేసినా మర్నాడు పొద్దున బస్తీలో అదే దగ్గు.

వానలు మొదలయ్యాక మరీ అన్యాయమైంది. మొన్న మంగళవారం బర్కత్‌పురలో, నడివీధిలో, సిమెంటు బస్తాలతో ఆగిపోయింది. టార్పాలిన్ కప్పేలోగా సగం తడిసి ముద్దయ్యాయి. మేస్త్రీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపటి నుంచి రాకు బీరయ్యా, ఇంకో బండిని మాట్లాడుకున్న" అని మెల్లగా అన్నాడు. ఆ రాత్రి బీరయ్యకు అన్నం దిగలేదు. తెల్లారి దోమలగూడ పోయి, పాత బండ్లు కొనే ఆసామికి మాట ఇచ్చేసి వచ్చాడు. శుక్రవారం సాయంత్రం బండి అప్పగించాలి.

బండి పోతే ఏమవుతుందో బీరయ్యకు బాగా తెలుసు. నాలుగేళ్ల కిందటి వరకు అతనూ, భార్య మాసమ్మా రోజూ పొద్దున చిక్కడపల్లి అడ్డా మీద నిలబడి కూలి పనికి పోయినవాళ్లే. పాలమూరు నుంచి వచ్చినప్పటి నుంచి వాళ్లెరిగిన బతుకు అదే. అడిక్‌మెట్‌లో ఒక మేడ కడుతున్నప్పుడు, కాంక్రీటు తట్టతో గోడకు కట్టిన గోవ కట్టెల మీంచి జారి మాసమ్మ నడుం విరిగింది. మూడు నెలలు మంచంలో ఉంది. బరువెత్తితే ఈసారి లేవడం ఉండదని డాక్టరు చెప్పాడు. ఆ మంచం పట్టె మీద కూర్చునే బీరయ్య మాట ఇచ్చాడు, "ఇగ నీ నెత్తి మీద తట్ట ఉండది" అని. ఆ మాట కోసమే బండి కొన్నాడు. ఊళ్లో ఉన్న ఎకరం ఆ బండిలోకే పోయింది.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి దండెం మీద ఒక పాత గుడ్డ ఆరుతోంది. తట్ట కింద నెత్తికి చుట్టుకునే సుట్టబట్ట. నాలుగేళ్లుగా పెట్టె అడుగున పడి ఉన్నదాన్ని మాసమ్మ తీసి, ఉతికి, ఆరేసింది. బీరయ్య దాన్ని చూసి, లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడ్చాడు కూడా. మగవాడు గోడవైపు తిరిగితే ఎందుకో తెలియనంత అమాయకురాలు కాదు మాసమ్మ. కానీ తెలియనట్టే పొయ్యి ఊదుకుంది.

శుక్రవారం వచ్చింది. శ్రావణ శుక్రవారం. కొనేవాడికి కనీసం బాగున్న బండిని అప్పగించాలని బీరయ్య ఆఖరుసారి నారాయణగూడ బయల్దేరాడు. మాసమ్మ తానూ వస్తానని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. భుజాన గొంగడి, ఒళ్లో రాగి చెంబు, కొంగున పసుపు కుంకుమల పొట్లాలు, నడుముకు చుట్టిన సుట్టబట్ట. దోమలగూడ నుంచి వచ్చేటప్పుడు అడ్డా దగ్గర ఆగి, రేపటి కూలి మాట్లాడుకోవచ్చని ఆమె లెక్క. బండి మామూలుగా బస్తీలో దగ్గింది, ఊగింది, షెడ్డు చేరేసరికి నున్నగా తిరిగింది.

బాలకిషన్ చాలాసేపు చెవి పెట్టి విన్నాడు. ఒక్కో వైరూ పీకి చూశాడు. ఆపి, పెదవి విరిచాడు.

"బండిల ఏం తప్పు లేదు తమ్మీ. నాకే చేతనైతలేదు. మాఫ్ చెయ్యి."

ముప్పై ఏళ్ల మెకానిక్ నోట ఆ మాట రావడం బీరయ్యకు కష్టంగా తోచింది. "నీదేం తప్పన్నా, నా నసీబు" అన్నాడు.

"అప్పజెప్పే ముందు ఒక్కసారి మొక్కుకుంట" అంది మాసమ్మ.

ఇద్దరూ పక్కకు జరిగారు. ఆమె చెంబులో నీళ్లు ఇంజను మీద చిలకరించింది. పసుపు తడిపి ఆ నల్లటి మూతకు రాసింది, నిండుగా, వైర్ల మొదళ్ల దాకా. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. ఆమె కంటికి అది బండి తలకాయ. అయిదు వైర్లు జడపాయలు. బొట్టు పెట్టాల్సిన చోటు ఇంకెక్కడుంటుంది? నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం అక్కడే పెడుతోంది. మొరాయించడం మొదలైన ఈ రెండు నెలలూ రోజూ పెడుతోంది.

"ఇగ స్టార్ట్ చెయ్" అంది కళ్లు తుడుచుకుంటూ.

బీరయ్య తాళం తిప్పాడు. బండి టక్కు టక్కుమంది. దగ్గింది. ఊగింది.

బాలకిషన్ నోట్లో బీడీ అట్లాగే ఆగిపోయింది. ఇంజను వంక చూశాడు, చెంబు వంక చూశాడు. "ఆపకు, ఆపకు" అని అరిచి, మాసమ్మ భుజం మీది గొంగడి అందుకున్నాడు. "బీరయ్యా, దిగిరా. ఫ్యానుకు జర దూరం ఉండు."

గొంగడిని ఇంజను మీదా, తమ తలల మీదా కప్పాడు. లోపల చీకటి. ఆ చీకట్లో, మూత మీద, తడి పసుపు వెంట, సన్నటి నీలం నిప్పు ఒక వైరు మొదలు నుంచి ఇంకో వైరు మొదలుకు పాకుతోంది. పాకినప్పుడల్లా ఇంజను ఒక దెబ్బ తప్పుతోంది.

"కనవడ్డదా?" అన్నాడు బాలకిషన్. "పసుపు మందంగ పేరుకపోయింది. అది తడిస్తే, ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు బొట్టు మీదికెళ్లి పక్కకు పోతున్నది. తోవల ఇంజన్ వేడికి తడి ఆరుతది, ఈడికొచ్చేసరికి మంచిగుంటది. వానకు మల్ల నానుతది. మూడుసార్లు మూత తీసిన గానీ... బొట్టు మీద గుడ్డ పెట్టనీకి నాకు చెయ్యి రాలే."

బీరయ్యకు మొదట వచ్చింది సంతోషం కాదు, భయం. బండి ఎంత సతాయిస్తే ఆమె అంత ఎక్కువ మొక్కింది. ఆమె ఎంత మొక్కితే అది అంత ఎక్కువ సతాయించింది. ఈ సంగతి ఆమెకు ఏ నోటితో చెప్పడం?

"ఏమాయె?" బయట నుంచి మాసమ్మ అడిగింది.

"ఏం లేదే, ఏదో వైరు" అన్నాడు బీరయ్య గొంగట్లోంచే.

"గొంగడి కప్పుకొని వైరు జూస్తరా? జరుగు." ఆమె తల దూర్చింది. చూసింది. నీలం నిప్పు తన బొట్టు మీద ఆడటం చూసింది. బీరయ్య ముఖం చూసింది. ఇంకెవరూ వివరించనక్కర్లేకపోయింది.

బయటికొచ్చి, గోడకు ఆనుకుని కూలబడింది. "నేనేనా? నా చేతులతోనేనా ఇంత పనైంది?"

"నీకేం ఎరుకే" అన్నాడు బీరయ్య పక్కన కూర్చుని. "అన్నకే ఎరుక గాలే."

"బండి కోసం గాదయ్యా నేను మొక్కింది" అంది ఆమె వెక్కుతూ. "లారీల నడుమ పోతవు. పొద్దుమీకి నువ్వు ఇంటికి మల్లి రావాలెనని."

నాలుగేళ్లుగా ఆ బొట్టు ఎవరి కోసమో బీరయ్యకు అప్పుడు తెలిసింది.

బాలకిషన్ ఇంజను ఆపి, పెట్రోలులో ముంచిన గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడే గానీ చేయి ముందుకు పోవడం లేదు. "ఆడిబిడ్డ పెట్టిన బొట్టు. నేను తుడవ, చెల్లె" అన్నాడు. బీరయ్య తల అడ్డంగా ఊపాడు. అతనికీ చేతకాదు.

మాసమ్మ ముక్కు చీదుకుని లేచింది. నడుముకున్న సుట్టబట్ట విప్పి, పెట్రోలులో ముంచి, మూత తుడవడం మొదలుపెట్టింది. నాలుగేళ్ల పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. వైర్ల మొదళ్ల సందుల్లో వేలు పెట్టి మరీ తోమింది. మూత నల్లగా మెరిసింది. బాలకిషన్ ఆరబెట్టి, చెంబులో మిగిలిన నీళ్లు కావాలనే దాని మీద చిలకరించి, స్టార్ట్ చేయమన్నాడు. బండి ఒక్క దెబ్బ తప్పలేదు. వైఎంసీఏ దాకా పోయి వచ్చారు, హిమాయత్‌నగర్ వైపు పోయి వచ్చారు. దగ్గు లేదు, ఊపు లేదు.

"దోమలగూడ పోదామా?" అడిగింది మాసమ్మ.

"పోదాం. ఇయ్యనని చెప్పొద్దా?"

ఎక్కబోతూ ఆమె ఆగింది. వేళ్లకు ఇంకా కుంకుమ ఉంది. దానివంక చూసుకుంది. స్టీరింగు ముందు కూర్చున్న మొగుణ్ణి "ఇటు తిరుగు" అంది. అతను తిరిగాడు. బాలకిషన్ ముందరే, నారాయణగూడ వీధిలో పోయేవాళ్లందరి ముందరే, అతని నుదుట నిండుగా బొట్టు పెట్టింది. బీరయ్య సిగ్గుపడ్డాడు గానీ తుడుచుకోలేదు.

తర్వాత సుట్టబట్టను పిండి, మడిచి, సీటు కింద పెట్టింది.

"గదెందుకే ఇంకా?" అన్నాడు బీరయ్య.

"పొద్దుగాల మూత తుడవనీకి" అంది మాసమ్మ.