మైకు తీసిన టిల్డా

బ్రోన్విన్ పొద్దున ఎనిమిదిన్నరకు హాజరు పిలిచే ముందు చీపురూ చేటా దగ్గర పెట్టుకునేది. ఆస్ట్రేలియా నడిగడ్డన, ఒకరికొకరు వందల కిలోమీటర్ల దూరంలో పశువుల ఫారాల్లో పెరిగే పదకొండుమంది పిల్లలకు ఆమె పట్నంలో ఒక గదిలో కూర్చుని తెర మీద మూడో తరగతి చెబుతుంది. ఎవరు "ఉన్నాను మిస్" అన్నా, తెర మీది వాళ్ల కిటికీలోంచి వాళ్లింటి ఎర్రదుమ్ము గుప్పెడు ఆమె బల్ల మీద రాలేది. కీరన్ ఇంటి నుంచి ఈగలు కూడా వచ్చేవి. ఓసారి ఒక కోడిపెట్ట దిగివచ్చి, గుడ్డు పెట్టి, తన దారిన తాను పోయింది. గదులు తుడిచే డోరీన్ మాత్రం సణిగేది. "నువ్వు పాఠాలు చెప్తున్నావా, సంత నడుపుతున్నావా?"

టిల్డా కిటికీ నుంచి తొమ్మిది వారాలుగా చిటికెడు దుమ్మయినా రాలేదు. పిల్ల కనిపిస్తుంది, తలూపుతుంది, అంతే. బ్రోన్విన్ బతిమాలింది, బొమ్మలు చూపించింది, సిగ్గు విడిచి కంగారూలా గెంతింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

శుక్రవారం పొద్దున టిల్డా తల్లి రోస్లిన్ ఫోన్ చేసింది. "ఇక లాభం లేదు మిస్. సోమవారం వాళ్ల నాన్న అడిలైడ్ హాస్టల్లో దింపి వస్తాడు. నలుగురిలో పడితేనన్నా నోరు విప్పుతుందని."

ఎనిమిదేళ్ల పిల్ల, పన్నెండు వందల కిలోమీటర్ల దూరం. బ్రోన్విన్ ఆ పూట లెక్కలు పక్కన పడేసి సూటిగా అడిగేసింది.

"టిల్డా, నీ మైకు ఎప్పుడూ మూసే ఉంటుందేం బంగారం?"

పిల్ల పక్కనున్న తల్లి చెవిలో ఏదో చెప్పింది. రోస్లిన్ జవాబు టైపు చేసి పంపింది. "మొదటిరోజు మా జనరేటర్ మోతకి ఎవరికీ ఏమీ వినపడట్లేదని మీరే మూయమన్నారు. మళ్లీ తీయమని మీరు అననేలేదుట."

బ్రోన్విన్‌కు తల కొట్టేసినట్టయింది. పిల్ల మాట్లాడటం లేదని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకున్నది తనే, నోరు మూయించిందీ తనే.

"తప్పు నాది తల్లీ. తీసెయ్. మోత వస్తే రానీ!"

టిల్డా మైకు తీసింది. జనరేటర్ దడదడా, డీజిల్ కంపూ, తొమ్మిది వారాల దుమ్మూ ఒక్కసారే వచ్చిపడి బల్ల మునిగిపోయింది. పిల్లలు చెవులు మూసుకుని ఒకటే నవ్వు. ఆ మోతను మించి టిల్డా గొంతు లేచింది.

"కీరన్! నీ దూడ రెండ్రోజుల్నుంచి పాలు ముట్టట్లేదన్నావుగా? మూతి బకెట్లో ముంచితే తాగుతుందా మొద్దూ? వేళ్లు చీకించాలి!"

"చీకించా. కొరికింది!"

"నీకు చేతకాదులే. జరుగు, బకెట్ ఇటు పెట్టు."

టిల్డా తెరలోకి చెయ్యి పెట్టింది. అది మోచేతిదాకా కీరన్ ఇంట్లో తేలింది. వేళ్లు పాలల్లో ముంచి దూడ నోట్లో పెట్టి, మెల్లగా బకెట్లోకి దించింది. దూడ తోక ఊపుకుంటూ గటగటా తాగేసింది.

"చెయ్యి అడ్డం తియ్, నన్ను చూడనీ!" అన్నాడు కీరన్. మిగతావాళ్లు మాకు మాకంటూ ఎగబడ్డారు. బ్రోన్విన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

టిల్డా వెనక వాళ్ల నాన్న వచ్చి నిలబడ్డాడు. చేతిలో హాస్టల్ కాగితాలు. అవతలింటి దూడను నిమురుతూ ఊరంతా వినపడేలా కేకలేస్తున్న కూతుర్ని చాలాసేపు చూశాడు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"అడిలైడ్ ప్రయాణం లేదు మిస్. సోమవారం నాకు పనుంది, జనరేటర్‌ని షెడ్డు వెనక్కి లాగాలి."

పదిళ్ల నుంచి ఒకేసారి కేకలు లేచాయి. అందరికన్నా పెద్దగా అరిచింది టిల్డానే, కీరన్ ఇంట్లోంచి చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయి.