లోపలికి దిగిన ముఖం

కొత్త చక్రవర్తి ముఖాన్ని కంచు నాణేల అచ్చు మీద చెక్కింది మా ఫిలేరోస్ తాతే. రెండోవైపు అచ్చు మీద చేతిలో పువ్వుతో ఆశాదేవత. ఆ పని పూర్తయ్యేసరికి తాత చూపు కూడా పూర్తయింది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. టంకశాలలో మేమంతా చక్రవర్తి బానిసలం. పనికిరాని ముసలి బానిసను తైబర్ నది లంకలో, వైద్యదేవుడి గుడి ముందు దింపి వచ్చేయడం రోములో అలవాటు. బాగుచేసే భారం ఇక దేవుడిదట. ఆయన ఎవరిని బాగుచేశాడో గానీ, గుడి ముందు ముసలివాళ్లకు మాత్రం ఏనాడూ కొదవలేదు.

ఆ ఉదయం అధికారి కొరింథుస్ వచ్చి తాత బల్ల పక్కనే నిలబడ్డాడు. తాత చూపు సంగతి ఎవరో పసిగట్టి ఆయన చెవిన వేసినట్టున్నారు. నా ప్రాణమంతా అటే ఉంది. చక్రవర్తి ముఖమున్న కింది అచ్చు మీద కంచు బిళ్ల పెట్టి, దేవత ఉన్న పై అచ్చు ఆనించి సుత్తితో కొట్టడం నా పని. దెబ్బ వేసిన ప్రతిసారీ, పై అచ్చుకు నాణెం అంటుకుందేమో ఎత్తి చూసుకోవాలి. నేను చూడలేదు. అంటుకున్న నాణెంతోనే తర్వాతి బిళ్ల మీద కొట్టేశాను. దేవత ఉండాల్సిన చోట, అంటుకున్న నాణెం మీది చక్రవర్తి ముఖం గుంటగా పడింది.

కొరింథుస్ నాకు నాలుగు చీవాట్లు పెట్టాడు. తర్వాత ఆ నాణేన్ని తాత చేతిలో పెట్టి, తప్పేమిటో చెప్పమన్నాడు. పరీక్ష నాకు కాదని అప్పుడర్థమైంది.

తాత దాన్ని కళ్ల దగ్గరికి తీసుకెళ్లనేలేదు. గుంటలో బొటనవేలు పెట్టి మెల్లగా తిప్పాడు.

"మా సుత్తోడి ధ్యాస ఎక్కడో ఉంది, పై అచ్చు చూసుకోలేదు. అది సరే గానీ అయ్యా, గడ్డం కింద సన్నగా గీత తగుల్తోంది. నేను చెక్కింది కాదది. కింది అచ్చు పగులుతోంది, ఆపించండి."

కొరింథుస్ అచ్చును ఊడదీయించి వెలుగులో చూశాడు. వెంట్రుకంత పగులు.

"నీకు కళ్లు కనబడవన్నారే?"

"కనబడవయ్యా. నలభై ఏళ్లుగా అచ్చుల్లో ముఖాలన్నీ లోపలికే చెక్కాను. వేలికి తెలుస్తాయి."

 రోజూ ప్రతి అచ్చునూ ఫిలేరోస్ తడిమి చూశాకే సుత్తి ఎత్తాలని కొరింథుస్ అందరికీ చెప్పాడు. గుమ్మంలో ఇద్దరు మోతగాళ్లు తాతను లంకకు తీసుకెళ్లడానికి అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్లను పంపించెయ్యమని నాకే చెప్పాడు. ఆ మాట చెప్పడానికి పరిగెత్తినంత వేగంగా నేను జన్మలో ఎప్పుడూ పరిగెత్తలేదు.