ఐదు చుక్కల ఆయాసం

మధ్యాహ్నపు ఎండ కిటికీ దాటి బల్ల మీదికి ఎక్కింది. టైర్ల కొట్టు పైనున్న మేడగదిలో ఎనిమిది మంది కూచుని ఫ్యాన్ల యాప్‌ని పొగుడుతున్నారు. నెత్తిమీది ఫ్యాను మాత్రం నిన్నటి నుంచీ కదలనంటోంది. ఎవరో పాటగాడి చుట్టూ ఫ్యాన్లని తిప్పడానికి ఇంతమంది చెమటోడుస్తున్నారు గానీ, వీళ్ళ కోసం ఆ ఒక్క ఫ్యానుని తిప్పించే నాథుడు లేడు.

యాప్ పేరు 'మనవాడు'. దించుకోవడం ఉచితం. దిగాకే లోతు తెలుస్తుంది. పొద్దున్నే పాటగాడి గొంతు మనని పేరు పెట్టి పిలిచి, తిన్నారా, నిద్రపట్టిందా అని అడుగుతుంది. మిషను గొంతే, కానీ అచ్చం అతనిలాగే ఉంటుంది. కొన్నాళ్ళయ్యాక ఆ గొంతు బొంగురుపోతుంది, దగ్గుతుంది, మాట మధ్యలో ఆగిపోతుంది. అభిమానులు 'ఊపిరి' కొని పంపిస్తే మళ్ళీ తేరుకుంటుంది. ఒక ఊపిరి ఖరీదు ఒక చొక్కా ఇస్త్రీ కూలి.

దీన్ని వాడి సుఖపడ్డామని జనం రాస్తారు కదా, ఆ జనమే ఈ ఎనిమిది మంది. ఒక్కో సమీక్షకి వచ్చే కూలి అరకప్పు టీకి సరిపోతుంది. మిగతా అరకప్పు కోసం ఇంకొకరి పేరుతో ఇంకోటి రాయాలి. అంటే ఒక టీ తాగాలంటే ఇద్దరు మనుషులుగా పుట్టాలన్నమాట. ఆ కూలి కూడా వెంటనే రాదు. రాసింది నెల పాటు చెక్కుచెదరకుండా నిలబడితేనే ఇస్తారు. పని లేని పూట చిన్న చిన్న దుకాణాల వెబ్‌సైట్లు బాగుచేస్తారు. బాగుపడేది దుకాణం కాదు, దాని బొమ్మ.

సమీక్ష పక్కన పెట్టే ఐదు చుక్కల్లో ఒక్కటి తగ్గినా రాసినవాళ్ళకి పట్టపగలే చుక్కలు చూపిస్తాడు గనక, పైన అజమాయిషీ చేసే ఆయన్ని చుక్కల సారు అంటారు. మనిషి చెడ్డవాడేం కాదు. ఆడవాళ్ళందర్నీ చెల్లెమ్మా అనే పిలుస్తాడు. మొదట్లో అందరూ ఉత్త పొగడ్తలు రాస్తే, దొంగరాతల్ని పట్టుకునే మిషను ఒక్క ఊపుతో అన్నీ తుడిచిపెట్టింది. అప్పుడాయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి సమీక్షలోనూ ఇంటి నొప్పి ఒకటి ఉండాలి. నిజం నొప్పి. దాని వెనకాల యాప్ వల్ల అది తగ్గినట్టు ఒక్క ముక్క. నొప్పి నిజమైతే మిషను నమ్ముతుంది.

అలా ఒకామె వాళ్ళమ్మ కీళ్ళు వాడేసింది. పక్కాయన తమ్ముడి విడాకులు వాడేశాడు. మూలన కూచునే పెద్దాయన ఒకప్పుడు అచ్చాఫీసులో తప్పులు దిద్దేవాడు. అచ్చాఫీసు మూతపడ్డాక ఇక్కడ చేరాడు. అందరి రాతల్లోనూ నాలుగు తప్పులు పెట్టి మామూలు మనుషులు రాసినట్టు చేయడం ఇప్పుడాయన ఉద్యోగం. జీవితమంతా ఏరిన రాళ్ళని ముసలితనంలో మళ్ళీ బియ్యంలో పోస్తున్నాడు. అందుకే అచ్చుతప్పుల బాబాయ్.

కిటికీ పక్కన కూచున్న కోడలు మాత్రం అత్తగారి ఆయాసం వాడింది.

అత్తగారిది వీధి చివర ఇస్త్రీ దుకాణం. పేరుకి ఇస్త్రీ, పనిచేసేదీ ఒక స్త్రీ, అరిగేదీ ఆ స్త్రీయే. బొగ్గుల పెట్టె పొగ మింగీ మింగీ ఆవిడ రొమ్ము పిల్లనగ్రోవైపోయింది. కోడలు ఆవిడ పేరు మీదున్న ఖాతానే ఆఫీసు ఫోనులో తెరిచి, యాప్ దించి, "నాకు ఏళ్ళ తరబడి ఆయాసం. ఈ బాబు గొంతు వింటున్నప్పటి నుంచి ఊపిరి తేలిగ్గా ఆడుతోంది" అని రాసింది. బాబాయ్ తప్పులు పెట్టాడు. సారు ఐదు చుక్కలు దగ్గరుండి పెట్టించాడు. ఆ రాత ఎక్కడెక్కడివాళ్ళకో నచ్చి, యాప్ పేజీలో అన్నిటికన్నా పైకి వెళ్ళి కూచుంది.

ఇప్పుడు, ఎండ బల్ల మీదికెక్కిన వేళకి, కోడలి ఫోను మోగింది. మొగుడు. అమ్మకి ఆయాసం మళ్ళీ ఎక్కువైందనీ, పీల్చే మందు ఎక్కడుందో కనపడటం లేదనీ, తను బట్టలు ఇవ్వడానికి వెళ్ళాలనీ చెప్పాడు. మందు కొనమని మొన్ననే ఆవిడ ఫోనులో డబ్బు వేశాడట. కొన్నానందట. కోడలు సారు ముందు నిలబడింది. సాయంత్రానికి అందరూ కలిసి ఇంకో అరవై రాయాలనీ, ఇప్పుడు లేస్తే సగం రోజు పోయినట్టేననీ ఆయన మెత్తగా చెప్పాడు. సగం రోజు పోగొట్టుకుని ఆమె మెట్లు దిగింది.

దుకాణం బల్ల మీద బట్టల మూటలు నడుమెత్తు ఉన్నాయి. పోయిన నెలదాకా ఇన్ని ఉండేవి కావు. కూలి పెంచమని అడిగితే చుక్కల సారు దానికి బదులు అత్తగారి దుకాణానికి ఉచితంగా వెబ్‌సైటు కట్టించాడు. మనకి సైటు వచ్చిందత్తయ్యా అని కోడలు సంబరంగా చెబితే, ముసలావిడ ఇస్త్రీపెట్టె ఆపి, ఎన్ని గజాలే అని అడిగింది. ఆ మాట వాడంతా తిరిగి నవ్వులు పంచింది. సైటు మాత్రం గజాల్లో కాదు, మూటల్లో పెరిగింది. దాని మీద అత్తగారి బొమ్మ, బొమ్మ కింద 'అమ్మ చేతి మడత' అన్న మాట. అది కూడా కోడలు రాసిందే. అసలు మడతపేచీ అక్కడే వచ్చింది. ఇదివరకు సగం బట్టలు కొడుకు చేసేవాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ అమ్మ చెయ్యే కావాలి. కొడుకు చేస్తుంటే గుమ్మంలో నిలబడి, ఇవి అమ్మగారితో చేయించండి అంటున్నారు. కొడుకు బట్టలు చేరవేయడానికి సైకిలెక్కాడు. అమ్మ పెట్టె దింపలేదు.

కోడలు వెళ్ళేసరికి అత్తగారు బల్ల పక్క ముక్కాలిపీట మీద కూచుని ఉంది. ఫోను చెవికి ఆనించుకుంది. రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరి పడుతోంది. ఫోనులోంచి ఎవరో దగ్గుతున్నారు.

కోడలు మందు పెట్టుకునే డబ్బా తీసింది. పాత బుడ్డి ఉంది, ఊపితే చప్పుడు లేదు. కొత్తది లేదు. ఫోను తీసుకుని చూసింది. ఆవిడ బొటనవేలు పెట్టినప్పుడల్లా డబ్బు వెళ్ళింది. వేలిముద్ర ఒకప్పుడు చదువురానివాళ్ళ సంతకం. ఇప్పుడు చదువుకున్నవాళ్ళు చదువురానివాళ్ళ సంచిలో చెయ్యి పెట్టడానికి దారి. వరసగా అన్నీ ఊపిర్లే. మందు డబ్బంతా ఊపిరి కింద పోయింది.

ఈ యాప్ ఈ ఫోనులోకి ఎలా వచ్చిందో అర్థం కావడానికి ఆమెకి కొంచెం సేపు పట్టింది. అత్త పేరు మీద ఆఫీసులో తెరిచిన ఖాతా, ఈ ఫోనులో ఉన్న ఖాతా ఒకటే. అక్కడ దించితే ఇక్కడా దానంతటదే దిగింది. ఇన్ని ఫోన్లు ఆడించిన మనిషికి సొంత ఇంట్లో ఒక ఫోను ఉన్న సంగతి తట్టలేదు.

"అత్తయ్యా, ఇది మనిషి కాదు. మిషను."

"మిషనయితే నేను తిన్నానో లేదో దానికెందుకే?" అత్తగారు మాట మాటకీ ఆగి గాలి లాక్కుంది. "మీ ఇద్దర్లో ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?"

కోడలు అడగలేదు. తీరిక లేక అడగలేదు. రోజుకి ఎంతమందినో తిన్నారా అని అడిగే యాప్ ఎంత గొప్పదో రాయడంతోనే ఆమెకి పొద్దు గడిచిపోతోంది.

తర్వాత మెల్లగా అడిగితే మిగతాది బయటపడింది. చీరలు తెచ్చే టీచరమ్మ ఒకరోజు, ఏమండోయ్ మీ పేరు లోకమంతా మోగుతోంది అంటూ ఆ సమీక్షని చదివి వినిపించిందట. ఆయాసం తగ్గిందని మీరే చెప్పారుగా అందట. అత్తగారికి చదవడం రాదు గానీ, అక్షరాల్లో పడ్డ మాట అబద్ధం కాదన్న గౌరవం ఉంది. తను ఎప్పుడో ఫోనులో అన్న మాటే ఎవరో పట్టుకుని అచ్చేశారనుకుంది. తగ్గిన రోగానికి మందెందుకని మానేసింది. నిజానికి ఆ గొంతు వింటున్నంతసేపూ తగ్గేది కూడా. తగ్గదా మరి. రోజంతా నిలబడే మనిషి అది వినడానికే పీట మీద కూచునేది. మందు ఆ పీటలో ఉంది. పేరు పాటగాడికి వచ్చింది.

"ఆ మాటలు నేను రాసినవి అత్తయ్యా. కూలికి రాశాను."

"నాకు ఆయాసం ఉందని రాశావు. అబద్ధమా?"

"కాదు."

"మరి తగ్గిందన్నది అబద్ధమెందుకవుతుంది? ఒకే చేత్తో రాశావుగా." అని ఫోను కోసం చెయ్యి చాపింది. "ఇటివ్వు. పాపం పొద్దుటి నుంచీ ఆ బాబుకి గొంతు పూడుకుపోయింది."

కోడలు ఫోను ఇవ్వలేక, ఇవ్వకుండా ఉండలేక, చివరికి ఇచ్చింది. మందు కొట్టువాడికి నలభై చొక్కాల ఇస్త్రీ ఖరీదు బాకీ చెప్పి కొత్త ఇన్‌హేలర్ తెచ్చింది. అత్తగారు మూతి తిప్పుకుంది. తను మందు పీలిస్తే ఆ రాసిన మాట అబద్ధమైపోతుందనీ, ఆ బాబు పరువు పోతుందనీ అంది.

అయితే ఆ రాత పోవాలి. ఇంకో దారి లేదు. కోడలు మళ్ళీ మెట్లెక్కింది.

చుక్కల సారు మొత్తం విన్నాడు. అయ్యో పాపం అన్నాడు కూడా, మనసారానే అన్నాడు. ఆ తర్వాత లెక్క చెప్పాడు. అన్నిటికన్నా పైనున్న సమీక్ష అది. దాన్ని కదిపితే మిషను ఈ గది వైపు తిరిగి చూస్తుంది. ఒకే గదిలోంచి వచ్చినవన్నీ ఒక్కటొక్కటే రాలిపోతాయి. రాలిపోతే ఎనిమిది మందికీ ఈ నెల కూలి లేదు. కీళ్ళామె చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. విడాకులాయన తల ఎత్తలేదు.

"ఒక పని చేద్దాం చెల్లెమ్మా. యాప్ వాళ్ళు ఆ అవ్వని చూపించమని అడుగుతున్నారు. రేపు ఇక్కడికి తీసుకురా. బల్ల ముందు కూచోబెట్టి, ఆ మాటలే ఆవిడ నోటితో చెప్పిస్తే వీడియో తీసుకుంటారు. నీకు రెండు నెలల కూలి ముందే ఇప్పిస్తాను, మందులన్నీ కొనుక్కోవచ్చు."

ఆయన నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. ఊపిరి లేని మనిషి చేత ఊపిరాడుతోందని చెప్పిస్తే ఊపిరి మందుకి డబ్బిస్తారు. ఇంతకంటే సొగసైన వ్యాపారం లోకంలో ఇంకొకటి ఉంటే నాకు తెలీదు.

కోడలు వెళ్ళి తన కుర్చీలో కూచుంది. వరసగా పేర్చిన ఫోన్లలోంచి అత్త ఖాతా ఉన్నది తీసింది. పాత సమీక్షని దిద్దడానికి తెరిచింది. ఐదు చుక్కల్లో నాలుగు తీసేసింది. "నాకు ఆయాసం తగ్గలేదు. ఇది నేను చెప్పిన మాట కాదు. కూలికి మా కోడలు రాసింది. ఇందులో మాట్లాడేది మనిషి కాదు. మందు మానకండి" అని రాసింది. అలవాటు కొద్దీ ఆ ఫోను బాబాయ్ చేతికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఈ నెల ఆయన కూలి కూడా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. ఒక్క అక్షరం కూడా చెడగొట్టకుండా తిరిగి ఇచ్చేశాడు.

ఆమె పంపేసింది.

తర్వాత సారు దగ్గరికి వెళ్ళి, అత్తయ్యని తీసుకురానని చెప్పింది. గొంతు పెద్దది చేయలేదు. రానివ్వను అని మాత్రం ఇంకోసారి అంది. గదిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు. కోపమో భయమో వాళ్ళకే తెలియాలి. సారు ఆమె బల్ల మీది ఫోన్లని ఒక్కొక్కటే తీసి పక్కబల్ల మీదికి మార్చాడు. రేపు రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు.

పొద్దు వాలుతుండగా దుకాణం మెట్టు మీద కూచుని ఆమె తన ఫోనులో అత్త ఖాతా తెరిచి చూసింది. అత్తగారి సమీక్ష పేజీలో అన్నిటికన్నా పైన అలాగే ఉంది. ఐదు చుక్కలూ అలాగే వెలుగుతున్నాయి. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది అన్న మాట కూడా అలాగే ఉంది. కింద, ఆ ఖాతాలోంచి చూసేవాళ్ళకి మాత్రమే కనిపించేలా, కొత్తగా రెండు వరసలు వచ్చాయి. మీ సవరణ మీ వెనకటి అనుభవానికి పొంతన లేకుండా ఉంది, ఇది నిజమైనదేనా అని పరిశీలిస్తున్నాం, అంతవరకూ మీ మొదటి అభిప్రాయమే కనిపిస్తుంది, అని.

లోపల ఇంకా మూడు మూటలున్నాయి. కొడుకు పెట్టె పట్టుకుని వాటిని చేస్తున్నాడు. అమ్మ చేతి మడత కావాలన్నవాళ్ళకి రేపు ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.

కోడలు లేచి అత్తగారి పీట పక్కన కూచుంది. తిన్నారా అత్తయ్యా అని అడిగింది. అడగడం కొత్త గనక గొంతు ఎలాగో వచ్చింది. అత్తగారు వినలేదు. మూత తీసిన ఇన్‌హేలర్ కోడలి చేతిలో, ఆవిడ నోటికి జానెడు దూరంలో ఉండిపోయింది. ఫోనులో పాటగాడు ఏదో చెప్పబోయి, దగ్గి, ఆగిపోయాడు. తన రొమ్ములోని ఈల అడ్డొచ్చి అతని మాట వినబడటం లేదని, అత్తగారు చెయ్యెత్తి కోడల్ని ఉండమని సైగ చేసి, ఊపిరి బిగబట్టింది.